హైదరాబాద్ ఇంటి ఓనర్లకి: స్లాబ్ మీది, బిల్లు మాది

ఓనర్ అంకుల్స్‌కి, ఆంటీలకి, అన్నలకి, అమెరికాలో ఉండి ఇక్కడి ఇల్లు బామ్మర్దికి అప్పజెప్పిన ఎన్నారై ఓనర్లకి కూడా నమస్తే.

మీ ఇళ్ళల్లో పై పోర్షన్‌లో కిరాయికి ఉండే మనిషిని నేను. ఉప్పల్, కూకట్‌పల్లి, చంపాపేట్, బోడుప్పల్, ఏ గల్లీ అయినా మా కథ ఒకటే. మార్చి రెండో వారం నుంచి మా నెత్తి మీద స్లాబ్ కాలడం మొదలవుతుంది, జూన్‌లో వానలు పడేదాకా అది ఆగదు, ఈలోపు వచ్చిన కరెంటు బిల్లు చూసి మా ఆవిడ నన్ను అడుగుతుంది, నేను మిమ్మల్ని అడుగుతున్నా. కొట్లాటకి రాలేదండి. కిరాయి తగ్గించమని కూడా అడగట్లేదు. ఇంట్లో కరెంటు తక్కువ కాలాలంటే ఏం చేయాలో యూట్యూబ్‌లో అందరూ చెప్తారు, లైట్లు ఆపండి, ఏసీ 24లో పెట్టండి, ఫ్రిజ్ డోర్ ఊరికే తీయకండి అని, అవన్నీ మేం ఎప్పుడో చేస్తున్నాం. మిగిలినవన్నీ గోడకో స్లాబుకో మీటర్ బోర్డుకో సంబంధించినవి, అంటే మీరు ఊఁ అంటే తప్ప మేం మేకు కూడా కొట్టలేనివి. అందుకే ఈ లేఖ గవర్నమెంటుకి కాకుండా మీకు రాస్తున్నా.

ముందు స్లాబ్ సంగతి. నాలుగైదు ఇంచుల కాంక్రీటు, దాని మీద సిమెంటు ప్లాస్టరింగు, అది కాలం గడిచేకొద్దీ నాచు పట్టి నల్లబడి ఉంటుంది. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా ఎండంతా తాగుతుంది. తాగింది వెంటనే కిందికి వదలదు, అదీ అసలు బాధ. వేడి స్లాబ్ దాటి లోపలికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే బయట చల్లబడ్డాక, అందరూ అన్నాలు తిని పడుకునే టైముకి మా సీలింగు వేడి కక్కుతూ ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ సీలింగు దగ్గర వేడిగాలినే కిందికి తోస్తుంది. రాత్రి పదకొండుకి మంచం ఎక్కి సీలింగుకి చెయ్యి ఆనించి చూడండి, కింద పోర్షన్‌లో ఉండే మీకు ఎప్పటికీ తెలియని ముచ్చట అది. కింద ఇల్లు చల్లగా ఉంటుందంటే మేం పైన గొడుగులాగా ఉన్నాం కాబట్టి.

దీనికి మందు కొత్తది కాదు. తెల్ల రంగు, అంతే. తెల్లటి పైకప్పు ఎండని వెనక్కి కొట్టేస్తుంది, స్లాబ్ ఎక్కువ వేడెక్కదు, మా గది రెండు మూడు డిగ్రీలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. మన రాష్ట్రంలో దీనికి ఏకంగా పాలసీయే ఉంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023-28 అని విడుదల చేశారు, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు, అందులో 200 మన హైదరాబాద్‌లోనే, చల్లటివి చేయాలని టార్గెట్ పెట్టుకున్నారు. చదరపు మీటరుకి 300 రూపాయలు ఖర్చవుతుందని అప్పటి మంత్రి కేటీఆర్ గారు చెప్పారు కూడా. బాగుంది కదా అని చదువుకుంటూ పోతే అసలు లైను దగ్గర ఆగాల్సి వచ్చింది: గవర్నమెంటు బిల్డింగులకి, కమర్షియల్ వాటికి తప్పనిసరి, ఇళ్ళకి మాత్రం 600 గజాలు, ఆ పైన ప్లాట్ అయితేనే తప్పనిసరి, చిన్నవాటికి మీ ఇష్టం. కేంద్రం వాళ్ళు ఇళ్ళల్లో కరెంటు ఆదా కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కోడ్ కూడా 500 చదరపు మీటర్ల ప్లాట్ నుంచే మొదలయ్యేలా రాశారు, అంటే అదీ దాదాపు 600 గజాలే. మరి మన గల్లీల్లో 600 గజాల ఇల్లు ఎక్కడుందండి? 80 గజాలు, 120 గజాలు, బాగా ఉన్నోళ్ళదైతే 200 గజాలు, దాని మీద జీ ప్లస్ త్రీ, పైన ఒక పెంట్‌హౌస్. పెంట్‌హౌస్ అంటే మళ్ళీ సినిమాల్లో చూపించేది కాదు, వాటర్ ట్యాంకు పక్కన కట్టిన ఒక రూము, ఒక బాత్రూము, నాలుగు దిక్కులా ఎండ, కొన్నిచోట్ల నెత్తిన స్లాబ్ కూడా ఉండదు, రేకులే. చట్టం మిమ్మల్ని పట్టుకోదు, మిమ్మల్ని పట్టుకోగలిగేది మేమే.

900 చదరపు అడుగుల స్లాబ్ అనుకోండి, అంటే 84 చదరపు మీటర్ల లెక్క, మీటరుకి 300 చొప్పున పాతిక వేలు. "అబ్బో, మీరు రెండేళ్ళకి ఖాళీ చేసి పోతారు, నేను పాతిక వేలు ఎందుకు పెట్టాలి" అంటారు, తెలుసు, ఈ మాట నేను మొహం మీదే విన్నా. సరే, మీ లెక్కలోనే మాట్లాడుకుందాం. వానాకాలం ముందు లీకేజీ అని మీరే వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తారు కదా నాలుగైదేళ్ళకి ఒకసారి, మనిషి వచ్చి స్లాబ్ కడిగి, పగుళ్ళలో పుట్టీ కొట్టి, డబ్బా తెరిచి రోలర్‌తో రెండు కోట్లు వేసి పోతాడు. ఆ డబ్బా షాపులో గ్రే ఉంటుంది, ఇటుక రంగు ఉంటుంది, తెలుపు ఉంటుంది. రేట్లలో పెద్ద తేడా ఉండదు, కూలీ అంతే, పని అంతే. మరి ఇటుక రంగే ఎందుకు? "మురికి కనపడదు" అని. ఆ ఒక్క మాట వల్ల అయిదు ఎండాకాలాలు మేం ఉడుకుతున్నాం సార్! ఈసారి తెల్లది తెప్పించండి, మీకు అదనంగా అయ్యేది దాదాపు ఏమీ లేదు. పైగా స్లాబ్ పగటి పూట అంత కాగకపోతే సాగడం ముడుచుకోవడం తగ్గుతుంది, పగుళ్ళు తక్కువ వస్తాయి, లీకేజీ తక్కువ. లాభం మాకొక్కరికే కాదు.

ఒక చిన్న జాగ్రత్త. గోడలకి వేసే మామూలు తెల్ల పెయింట్ తెచ్చి స్లాబ్ మీద వేయొద్దు, ఒక వానకే పొరలు పొరలుగా లేచిపోతుంది. టెర్రస్‌కని అమ్మేది తీసుకోండి, డబ్బా మీద గానీ కంపెనీ వాళ్ళిచ్చే కాగితం మీద గానీ ఎస్‌ఆర్‌ఐ అని ఒక నంబర్ ఉంటుంది, ఎండలో పైకప్పు ఎంత చల్లగా ఉంటుందో చెప్పే కొలత, అది 100కి దగ్గరగానో అంతకన్నా ఎక్కువో ఉంటే మంచి సరుకు. వేసేముందు ఇనుప బ్రష్‌తో నాచు మొత్తం గీకాలి, ఇక్కడే మన పనోళ్ళు కక్కుర్తి పడతారు, పైపైన చీపురుతో ఊడ్చి వేసేస్తారు, ఆ పెయింట్ స్లాబుకి కాదు నాచుకి అతుక్కుంటుంది. పొద్దున ఆరింటికే మొదలుపెట్టి ఎండ ఎక్కకముందు ఒక కోటు అయిపోవాలి, కాలే స్లాబ్ మీద వేస్తే రోలర్ నడిచేలోపే ఆరిపోయి చారలు పడుతుంది. మొదటి కోటు తూర్పు పడమర లాగితే రెండోది ఉత్తర దక్షిణం లాగాలి. (వాస్తు కోసం కాదండి, రంధ్రాలు పూడటానికి.) తర్వాత ఏడాదికోసారి ఫిబ్రవరిలో ఒక మంచి కడుగుడు కడిగితే చాలు, ఎందుకంటే మన దుమ్ముకి తెలుపు తెలుపులాగా ఉండదు, మురికి పట్టేకొద్దీ పనితనం తగ్గుతుంది. కడగడం నా పని, రాసిస్తా కావాలంటే.

అంత ఖర్చు వద్దంటే సున్నం ఉంది. సున్నం, కొంచెం వైట్ సిమెంటు, పట్టు కోసం కాస్త ఫెవికాల్, బకెట్లో కలిపి కుంచెతో కొట్టేయడమే. పెయింట్ అంత మన్నదు, వానలకి పోతుంది, మళ్ళీ ఏడాది కొట్టాలి, అయినా ఆ నాలుగు నెలలు గట్టెక్కిస్తుంది. దీన్ని మా పెద్దోళ్ళకి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది, ఉగాదికి ముందు ఇంటికి సున్నం కొట్టేవాళ్ళు.

"ఏం తగ్గుతుందయ్యా దీంతో" అనేవాళ్ళ కోసం ఒక లెక్క. హైదరాబాద్ ప్రాంతంలోనే ఆఫీసు బిల్డింగుల మీద అమెరికా లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్ళు ఇక్కడివాళ్ళతో కలిసి కొలిచి చూశారు, 2012లో పేపర్ వచ్చింది, ఏ రంగూ లేని కాంక్రీటు స్లాబ్‌కి తెల్లకోటు వేస్తే ఏసీకి కాలే కరెంటు 10 నుంచి 19 శాతం దాకా తగ్గుతుందని అంచనా కట్టారు. మన ఇళ్ళల్లో రోజంతా ఏసీ ఉండదు కాబట్టి సేమ్ నంబర్ వస్తుందని నేను అనను. కానీ మాకు అంత కూడా అక్కర్లేదు, ఎందుకంటే మన కరెంటు బిల్లుకి ఇంకో స్లాబ్ ఉంది.

ఇది జాగ్రత్తగా వినండి, చాలామంది ఓనర్లకి కూడా తెలియదు. 2022 ఏప్రిల్‌లో మారిన రేట్లు చూస్తే, నెలకి 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80, మొత్తం 820 రూపాయలు. అదే 201 యూనిట్లు అయితే? మొదటి 200కి కూడా రేటు మారిపోయి 5.10 అవుతుంది, ఆ ఒక్క యూనిట్‌కి 7.70, కలిపి 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు 200 పైన పెరిగింది, ఫిక్స్‌డ్ ఛార్జీలు అవీ నేను కలపలేదు. ఇంకా తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి వస్తున్న ఇంటికైతే మరీ అన్యాయం, 2024 మార్చి నుంచి 200 దాకా జీరో బిల్లు, గీత దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. అంటే ఏప్రిల్ మే నెలల్లో మీ స్లాబ్ వేడికి మేం రాత్రి రెండో ఫ్యాను, కూలరు ఎక్కువసేపు వేసి 200 దాటామంటే వెయ్యి రూపాయలు పోయినట్టే. ఓ పది పదిహేను యూనిట్లు తగ్గితే చాలు మేం గట్టు మీద ఉంటాం.

ఇక మీటర్. ఇది రాస్తుంటే కొంచెం బీపీ వస్తుంది, క్షమించాలి. రెండు పోర్షన్లకి ఒకటే డిపార్ట్‌మెంట్ మీటర్ పెట్టి, పైవాళ్ళకి లోపల ఒక సబ్ మీటర్ తగిలించి "యూనిట్‌కి పది రూపాయలు" అనే ఓనర్లూ, ఈ పేరా మీకు. చెరో 180 యూనిట్లు కాల్చాం అనుకోండి. విడివిడి మీటర్లు ఉంటే ఒక్కొక్కరికి 724, ఇద్దరికీ కలిపి 1,448. ఒకే మీటర్ మీద 360 పడితే 2,330. అంటే ఏ కరెంటూ ఎక్కువ కాల్చకుండానే మన ఇద్దరం కలిసి నెలకి 882 రూపాయలు ఉత్తపుణ్యానికి కడుతున్నాం. పది రూపాయల లెక్కన నా దగ్గర మీరు తీసుకునేది 1,800, నా సొంత మీటర్ అయితే 724, రేషన్ కార్డు ఉంటే సున్నా, కానీ సొంత కనెక్షన్ నంబర్ లేకపోతే గృహజ్యోతికి అప్లై చేయడానికి లేదు కదా. ఇలాంటి ఇంట్లో నేను తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను కొన్నా, లైట్లన్నీ ఎల్‌ఈడీ పెట్టుకున్నా, జీరో బిల్లు అనేది మాకు కలలోకి కూడా రాదు. పోర్షన్‌కో మీటర్ పెట్టించండి. డిపాజిట్ ఎంతో చెప్పండి, అడ్వాన్స్‌లో కలుపుకోండి, చాలామంది కిరాయిదార్లు సంతోషంగా ఇస్తారు.

ఫ్యాన్ల గురించి రెండు మాటలు. మీరు ఇల్లు కట్టినప్పుడు పెట్టించిన ఫ్యాన్లు 75 వాట్లవి. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీవి 30 వాట్లు, గాలి అంతే వస్తుంది. రోజుకి పదిహేను గంటలు తిరిగితే ఒక్క ఫ్యానుకి నెలకి 20 యూనిట్ల తేడా, మూడు ఫ్యాన్లకి 60. పైన చెప్పిన 200 గీత గుర్తుందా, దాన్ని దాటించేదీ దాటించనిదీ ఈ అరవయ్యే. ఫ్యానుకి మూడు వేలు అటూ ఇటూగా అవుతుంది. మీరు కొనమని అడగట్లేదండి, నేనే కొనుక్కుంటా, పోయేటప్పుడు నాది నేను తీసుకుపోయి మీ పాతది మళ్ళీ బిగిస్తా. నాకు కావాల్సింది ఒకటే, బోర్డులో ఉన్న పాత రెగ్యులేటర్ తీసేసి డైరెక్ట్ చేయడానికి ఎలక్ట్రీషియన్‌ని రానివ్వండి, ఎందుకంటే ఆ ఫ్యాన్లు రిమోట్‌తో నడుస్తాయి, పాత రెగ్యులేటర్‌తో కలిస్తే లోపలి సర్క్యూట్ పాడవుతుంది. "నా వైరింగ్ ముట్టుకోవద్దు" అని ఒక ఓనర్ గారు అన్నారు నాతో. మీ వైరింగ్ మీద గౌరవం ఉంది సార్, కానీ అది రెండు స్క్రూల పని.

కిటికీ జాలీ. ఇదేదో దోమల విషయం అనుకోకండి, ఇది కూడా కరెంటు విషయమే. మన హైదరాబాద్‌లో ఎండాకాలం ఎంత కాల్చినా తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి బయట గాలి చల్లగానే ఉంటుంది, విజయవాడోళ్ళకి ఆ అదృష్టం లేదు పాపం, అక్కడ ఉక్క. ఆ టైముకి ఎదురెదురు కిటికీలు తీసిపెడితే గోడలు చల్లబడతాయి, పొద్దున పదింటిదాకా కూలర్ అవసరం ఉండదు. కానీ జాలీ లేని కిటికీ రాత్రి తీస్తే దోమలు మోసుకుపోతాయి, కాబట్టి మూసేసి ఏసీ వేస్తాం. ఓ కిటికీకి జాలీ కొట్టించడం ఎంత పని? ఇదే గాలి సంగతి కూలర్‌కీ. ఏప్రిల్ మే పొడి ఎండల్లో మన ఊళ్ళో కూలర్ అద్భుతంగా పని చేస్తుంది, 200 వాట్లు కూడా తినదు, ఒకటిన్నర టన్నుల ఏసీ నడిచినప్పుడు దానికి ఏడెనిమిది రెట్లు లాగుతుంది. కానీ కూలర్ కిటికీ బయట ఉండి బయటి గాలి లాగాలి, ఇంకోవైపు కిటికీ తెరిచి ఉండాలి, రూములో పెట్టి తలుపులేస్తే ఆవిరి స్నానమే. బయట స్టాండ్ పెడతామంటే "గ్రిల్ తుప్పు పడుతుంది, గోడ తడుస్తుంది" అంటారు. కింద ట్రే పెడతా, డ్రైనేజీ పైపుకి కలుపుతా, పోయేముందు గ్రిల్‌కి రంగు వేయిస్తా. చేతనైతే పడమటి కిటికీ మీద ఒక సజ్జ, లేదంటే గ్రీన్ నెట్ కట్టుకోనివ్వండి, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఆ నాలుగున్నర ఇంచుల పడమటి గోడ మీద పడే ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. బయటికి గుడారంలాగా కనిపిస్తుందని వద్దన్నారు ఒకచోట. కనిపించనివ్వండి.

మోటర్ విషయం త్వరగా చెప్పి వదిలేస్తా. ట్యాంకు నిండి పైనుంచి నీళ్ళు రోడ్డు మీదికి పారుతుంటే "మోటర్ బంద్ చేయండీ" అని గల్లీ మొత్తం అరిచేదాకా ఎవరికీ పట్టదు, ఆ కరెంటు కామన్ మీటర్ మీద పడి నెలాఖరున మాకే పంచుతారు. ఒక హెచ్‌పీ మోటర్ రోజూ అరగంట ఊరికే తిరిగితే నెలకి పదీ పన్నెండు యూనిట్లు గాల్లోకి, అది కాక బోరు నీళ్ళు. నీళ్ళు నిండగానే ఆపేసే ఆటోమేటిక్ కంట్రోలర్లు వచ్చి ఎన్నేళ్ళయింది, రెండు వేల లోపే దొరుకుతాయి.

సోలార్ పెట్టించుకునే ఆలోచన ఉన్న ఓనర్లకి ఒక ముక్క. పీఎం సూర్యఘర్‌లో ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండుకి 60 వేలు, మూడు, ఆ పైన అయితే 78 వేలు సబ్సిడీ ఇస్తున్నారు, మీ బిల్లు తగ్గుతుంది, మంచిదే, అందులో మాకు వాటా ఏమీ వద్దు. కానీ ఆ ప్యానెళ్ళు ఎక్కడ పెట్టాలో మీ ఇష్టమే కాబట్టి, మా బెడ్‌రూమ్ మీద వచ్చేలా పెట్టించండి. నీడ పడ్డంతమేర స్లాబ్ చల్లగా ఉంటుంది. బట్టలారేసుకునే జాగా పోతుందని మాత్రం మేం కంప్లైంట్ చేయం, మాట.

ఇంకో మాట కొంచెం సీరియస్‌గా. 2015 మే నెల వడగాలులు గుర్తున్నాయా? రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు. ఎండలో పని చేసేవాళ్ళూ, ముసలివాళ్ళూ ఎక్కువ. పైపోర్షన్లలో ఉండేది కుర్ర బ్యాచిలర్లే అని మీరు అనుకుంటారు, కానీ కిరాయి కాస్త తక్కువ వస్తుందని చిన్న జీతాల కుటుంబాలు, అమ్మానాన్నల్ని ఊరి నుంచి తెచ్చుకున్నవాళ్ళూ చాలామంది అక్కడే ఉంటారు. మా అమ్మ ఖమ్మం జిల్లా మనిషి, అంటే ఎండలు తెలియని మనిషేం కాదు, మా ఊళ్ళో పెంకుటింట్లో పుట్టి పెరిగింది. ఆమెకి కూడా ఈ స్లాబ్ కింద మధ్యాహ్నం నిద్ర పట్టక కింద మెట్ల మీద కూర్చుంటుంది. మీ ఆంటీ గారే ఒకసారి మజ్జిగ ఇచ్చారు, థ్యాంక్స్ చెప్పమంది.

నా బేరం ఇది. పెయింట్ సామాను మీరు తెప్పించండి, కూలీ నేను ఇస్తా. లేదా మొత్తం నేనే పెట్టుకుంటా, మూడు నెలల కిరాయిలో కొంచెం కొంచెం తగ్గించుకోనివ్వండి, బిల్లులు చూపిస్తా. ఒక్క షరతు, ఇల్లు చల్లబడింది కదా అని వచ్చే ఏడు కిరాయి పెంచేటప్పుడు దాన్ని కలపొద్దు, మామూలుగా పెంచే అయిదు శాతమో ఎంతో అంతే పెంచండి. ఇల్లు ఖాళీ అయినప్పుడు టు-లెట్ బోర్డు మీద "ఈస్ట్ ఫేసింగ్, మంజీరా, బోర్ వాటర్, కార్ పార్కింగ్" పక్కన "సెపరేట్ మీటర్, కూల్ రూఫ్" అని రాసుకోండి, ఫిబ్రవరిలో ఇల్లు వెతికేవాళ్ళు మీ గేటు ముందే ఆగుతారు, ఒక్క నెల ఖాళీగా పెట్టుకున్న ఇంటికి పోయే కిరాయితో చూస్తే ఆ పెయింట్ ఎంత?

పెయింట్ వేయడానికి సంక్రాంతి పోయాక శివరాత్రి లోపు మంచి టైము, మంచు తగ్గి ఉంటుంది, ఎండ ముదరదు, పనోళ్ళు కూడా ఖాళీగా దొరుకుతారు, ఏప్రిల్ వచ్చిందంటే రేటు వాళ్ళే చెప్తారు. ఆదివారం పొద్దున అయితే నేనూ పక్క పోర్షన్ అన్నా ఇంట్లోనే ఉంటాం, నాచు గీకే ఇనుప బ్రష్‌లు రెండు నా దగ్గర ఉన్నాయి. టెర్రస్ గేటు తాళం చెవి ఒక్కటి ఇప్పించండి.

ఇట్లు,
మీ మూడో ఫ్లోర్ కిరాయిదారు